మెట్ల కింది గదికి ఏథెన్స్ న్యాయం

ఏథెన్స్‌ను నేను చూడలేదు. చూడకుండానే ఇరవై ఆరేళ్లుగా దాని గురించి పిల్లలకు చెబుతున్నాను. చూసొచ్చిన మనిషి కూడా అంత ధైర్యంగా చెప్పలేడు. సిద్దిపేట దగ్గర ఒక సర్కారు బడిలో సోషల్ టీచర్ని. గ్రీకు నగర రాజ్యాల పాఠం వచ్చిందంటే చాలు, నాకు పూనకం వచ్చేస్తుంది. కొండ మీద సభ, ఎండలో కూర్చున్న వేలమంది, చెప్పులు కుట్టేవాళ్లూ కుండలు చేసేవాళ్లూ చేతులెత్తి యుద్ధాలు తేల్చేయడం, చీటీలు తీసి అధికారులను ఎంచుకోవడం, అన్నీ నిన్న నా కళ్ల ముందే జరిగినట్టు చెబుతాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. ఆవులించడానికి కూడా నోరే తెరవాలి, కానీ నేను ఆ తేడా పట్టించుకోను.

మా సోషల్ టీచర్లకు ఒక రోగం ఉంటుంది. పాయింటు వదలలేం. ఏథెన్స్ ప్రజాస్వామ్యం గొప్పతనం రాయమంటే గొప్పతనం ఒక్కటే రాస్తే మాకు తృప్తి ఉండదు, కింద లోపాలు కూడా రాయాలి. లోపాలు రాయని వాళ్లకు నేను ఒక మార్కు కోసేస్తాను. తల్లిదండ్రులు వచ్చి బతిమాలినా వేయను. ఈ రోగం బడిలో ఉన్నంతకాలం బాగానే ఉంది. ఇంటికి తెచ్చుకున్నప్పుడే కొంప ముంచింది.

ఇల్లంటే మెదక్ రోడ్డు వైపు పన్నెండు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. తొమ్మిదేళ్లుగా అందులో కిరాయికి ఉంటున్నాం, నేనూ మా ఆయనా. ఆ తొమ్మిదేళ్లూ అసోసియేషన్ ప్రెసిడెంట్ ఒక్కరే, రిటైర్డ్ సూపరింటెండెంట్ సారు. సారు ఆఫీసు నుంచి రిటైరయ్యారు గానీ ఆఫీసు సారులోంచి రిటైర్ కాలేదు. లిఫ్టు తలుపు మీద నోటీసులు అంటిస్తారు. "తడి చెత్తలో పొడి చెత్త కలిపినచో తీవ్రముగా పరిగణించబడును." ఎవరు పరిగణిస్తారు, ఎంత తీవ్రంగా, అందులో ఉండదు. ప్రతి ఏడూ జూన్‌లో డాబా మీద మీటింగ్ పెట్టి, "ఇగ నాతోని కాదు, జగదేవ్‌పూర్ల పొలం చూస్కోవాలె, ఎవరన్న తీస్కోండ్రి" అంటారు. అందరూ ఫోన్లలోకి తలలు దించుతారు. అర నిమిషం ఆగి, "సరే, మీ అందరి బలవంతం" అని సారే కొనసాగుతారు. దీన్నే ఏకగ్రీవం అంటారు.

ఏథెన్స్‌లో సభకు రాకుండా అంగడిలో తిరిగే మగవాళ్లను ఎర్రరంగు పూసిన తాడుతో చుట్టి తోలుకొచ్చేవారట. బట్టకు రంగు అంటినవాడికి జరిమానా. మా సారు దగ్గర తాడు లేదు, వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో కిరాయివాళ్లను చేర్చలేదు. మీటింగ్ రోజు డాబా మీదికి కుర్చీలు మోసే హక్కు మాకుంది, అందులో కూర్చుని మాట్లాడే హక్కు లేదు. అచ్చం ఏథెన్స్‌లో బయటి ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లలాగే. వాళ్లు తరతరాలు అక్కడే బతికారు, పన్ను కట్టారు, యుద్ధమొస్తే పోరాడారు, సభలో మాత్రం నోరెత్తకూడదు. ఆ పాయింటు చెప్పేటప్పుడు నా గొంతు అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువే లేస్తుంది. మా ఆయన ఆర్టీసీ డిపోలో పనిచేస్తాడు, ఆయనకు మనుషుల మీద పెద్దగా ఆశలు లేవు. "నువ్వు ఏథెన్స్‌ల పుట్టినా కిరాయికే ఉండేదానివి. పైంగ ఆడిదానివి. గాడ నిన్ను డాబా మీదికే రానియ్యకపోదురు," అంటాడు.

ఆ అపార్ట్‌మెంట్‌కు ఒక వాచ్‌మన్ ఉండేవాడు. అక్కన్నపేట మనిషి. మెట్ల కింద పంపు మోటరు పక్కన చిన్న గది, అందులో అతనూ భార్యా కూతురూ. పోయిన వానాకాలం అతను భివండీకి, మరమగ్గాల పనికి వెళ్లిపోయాడు. పని ఆగలేదు. మెట్లు ఊడ్చడం, మోటరు వేయడం, చెత్త వేరు చేయడం, అందరి పాలప్యాకెట్లు అందరి తలుపులకు తగిలించడం, అవన్నీ అతను ఉన్నప్పుడు కూడా భార్యే చేసేది. అతను చేసిన పని గేటు దగ్గర కుర్చీలో కూర్చోవడం. అయినా సారు లెక్క వేరు. దీపావళి అయిన వారానికి ఆమెను పిలిచి, "మేం పెట్టుకున్నది వాచ్‌మన్‌ను. వాచ్‌మన్ లేడు. కెమెరాలు పెడ్తున్నం. రూం ఖాళీ చెయ్యి" అన్నారు. ఊడ్చే పని మాత్రం ఊరి నుంచి వచ్చి చేసుకోవచ్చట. అక్కన్నపేట నుంచి సిద్దిపేటకు రోజూ బస్సెక్కి వచ్చి మెట్లూడ్చి పోవాలి. ఎంత దయ!

ఆమె సాయంత్రం మా ఇంటికి వచ్చింది. గుమ్మం లోపలికి రమ్మంటే రాలేదు, చౌకట్టు పట్టుకుని నిలబడింది.

"మేడం, బిడ్డది ఇంటర్ రెండో ఏడు. మార్చిల పరీక్షలు. గప్పటిదాంక జర ఉండనియ్యుమని చెప్పుండ్రి. పరీక్షలైనంక మీరు ఉండుమన్నా ఉండ. మీరు చదువుకున్నోళ్లు, మీ మాట ఇంటరు."

ఆ పిల్లను నేను ఎరుగుదును. మోటరు చప్పుడు పక్కన కూర్చుని, చెవుల్లో దూది పెట్టుకుని చదివేది. నర్సింగ్ చేస్తానని ఒకసారి నాతో చెప్పింది. ఊరికి పోతే చదువు సగం బస్సుల్లోనే పోతుంది, ఇంకో సగం పత్తి ఏరడంలో పోతుంది. నాలుగు నెలలు, అంతే. ఆమె అడిగింది అదొక్కటే.

"నువ్వు ఫికర్ చెయ్యకు చెల్లె. నేను చూసుకుంట," అన్నాను. మాటివ్వడంలో నాకు సాటి లేరు.

సారును నేరుగా అడగొచ్చు. అడిగితే ఒకవేళ ఒప్పుకునేవారేమో, ఇప్పటికీ తెలియదు. కానీ మామూలుగా అడిగితే ఇరవై ఆరేళ్ల చదువు ఏం కావాలి? నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ప్రెసిడెంట్‌ను ఏథెన్స్ పద్ధతిలో చీటీలు తీసి ఎంచుకుందాం అంటాను. సారు చీటీ మళ్లీ వచ్చే అవకాశం ఎంత? మిగతా మగవాళ్లలో ఎవరు వచ్చినా వాళ్లింట్లో ఆడవాళ్ల మాటే నడుస్తుంది. ఆ ఆడవాళ్లలో వాచ్‌మన్ భార్య చేత ఒళ్లు రుద్దించుకోనివాళ్లు, పెళ్లిళ్లకు సకినాలు చేయించుకోనివాళ్లు ఒక్కరూ లేరు. ఎవరు వద్దంటారు? మా ఆయనకు చెబితే అన్నం కలుపుతూ, "అయ్యవారిని చెయ్యబోతే కోతి అయితది చూస్కో" అన్నాడు. పట్టించుకోలేదు.

ఆదివారం పొద్దున డాబా మీద మీటింగ్. కెమెరాల గురించి. రెండో అంతస్తులో వకీలు గారి భార్య నాకు స్నేహితురాలు, మంచి మనిషి, ఆమె చొరవతో నాకు అయిదు నిమిషాలు ఇచ్చారు. నేను ఊరికే పోలేదు. ఏథెన్స్ కోర్టుల్లో నీళ్ల గడియారం ఉండేది. కుండకు అడుగున బెజ్జం, నీళ్లు కారిపోయేదాకే మాట. నేను రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాకు సూదితో బెజ్జం పెట్టి తీసుకుపోయాను. అందరికీ తెగ నచ్చింది. నా నీళ్లు కారిపోగానే కూర్చున్నాను. సారు వంతు వచ్చినప్పుడు సీసాను తానే చేతిలోకి తీసుకుని, బెజ్జం మీద బొటనవేలు అదిమి పెట్టి, చుక్క కారకుండా ఇరవై నిమిషాలు కెమెరాల మీద మాట్లాడారు. గ్రీకులకు ఇన్ని తెలిసి ఈ ఒక్కటి ఎందుకు తట్టలేదో మరి.

అయితే చీటీల మాట అందరికీ నచ్చింది. ప్రజాస్వామ్యం మీద ప్రేమతో అనుకునేరు! చీటీ అయితే ఎవరూ ఎవరికీ ఓటడగక్కర్లేదు, ఎవరినీ నొప్పించక్కర్లేదు. సారు కూడా కాదనలేకపోయారు. గడ్డం గోక్కుంటూ అడిగారు, "మంచిదే మేడం. ఇంతకు గాడ చీటిల ఎవరెవరి పేర్లు ఏసెటోళ్లు?"

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. "అందరివీ" అని ఒక్క మాట చెప్పి కూర్చుంటే అయిపోయేది. అబద్ధం కూడా కాదు, ఏథెన్స్‌వాళ్లు కూడా అందరివీ అనే అనుకున్నారు. కానీ ఎదురుగా ప్రశ్న, చేతిలో జవాబు. నా నోరు దానంతట అదే మొదలుపెట్టింది. "పౌరులవి మాత్రమే సార్. ఒకటి, ఆడవాళ్లకు హక్కు లేదు. రెండు, బయటి ఊళ్ల నుంచి వచ్చి ఉంటున్నవాళ్లకు లేదు. మూడు, బానిసలకు, ఇంటి పనులు చేసేవాళ్లకు లేదు. ఇది ఏథెన్స్ ప్రజాస్వామ్యంలో ప్రధాన లోపం." లోపం అన్నాను. స్పష్టంగా, తరగతిలో అన్నట్టే గొంతు పెంచి అన్నాను. ఆ ఒక్క మాటా గాలికి మర్కూక్ దాకా కొట్టుకుపోయినట్టుంది, ఎవరి చెవినా పడలేదు.

"ఆఁ, గది పద్ధతంటె!" అన్నారు సారు, రెండు చేతులూ చరిచి. "మేడమే చెప్పిన్రు. రూలంటే రూలే. ఓనర్లు, మొగోళ్లు. పేర్లు రాయుండ్రి."

రాయడం మొదలుపెట్టారు. అక్కడ చిక్కు వచ్చి పడింది. మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండు ఫ్లాట్లలో మూడింట్లో మా లాంటి కిరాయివాళ్లు ఉన్నారు, వాటి ఓనర్లు ఊళ్లో లేరు. మిగిలిన తొమ్మిదింట్లో ఎనిమిది భార్యల పేరు మీద రిజిస్టరై ఉన్నాయి. ఉద్యోగాలు చేసిన మహానుభావులు, ఇల్లాలి మీద ఎంత ప్రేమో, సొంత పేరు మీద ఒక ఇటుక కూడా పెట్టుకోలేదు. సారు ఫ్లాటు కూడా అమ్మగారి పేరు మీదే. అలా ఆడవాళ్లు ఆడవాళ్లని పోయి, మగవాళ్లు ఓనర్లు కారని పోయి, చివరికి మొత్తం ఏథెన్స్ నగరంలో ఒకే ఒక్క పౌరుడు తేలాడు. నాలుగో అంతస్తు మొబైల్ షాపు అతను. పెళ్లి కాలేదు కాబట్టి సొంత పేరు మీద కొనుక్కున్నాడు. అతను మీటింగ్‌కు వచ్చింది కూడా కింద సిగ్నల్ సరిగా రాదని.

నేను నవ్వాపుకోలేకపోయాను. వకీలు గారి భార్య మాత్రం నవ్వలేదు, లేచి నిలబడింది. "ఏందీ? ఫ్లాటు నా పేరు మీద, కాయిదం నా పేరు మీద, మాట మాత్రం మీదా? గిదేం కథ సారూ? గా ఏథెన్సో గీథెన్సో మాకద్దు. ఓనర్లంటే మేము. మా పేర్లు రాయుండ్రి." ఎనిమిది మంది ఆడవాళ్లూ ఒక్కసారి లేచారు. రెండున్నర వేల ఏళ్ల కిందట ఏథెన్స్ ఆడవాళ్లు చేయలేని పని మా డాబా మీద రెండు నిమిషాల్లో అయిపోయింది. నా ఒళ్లు పులకరించింది, నిజంగా.

ఆ పులకరింతలోనే, "మరి కిరాయివాళ్ల పేర్లు కూడా..." అన్నాను.

"అయ్యో మేడం, మీరే గద చెప్పిన్రు, బయటోళ్లకు ఉండదని," అంది నా స్నేహితురాలు, ప్రేమగానే.

ఎనిమిది పేర్లు, మొబైల్ షాపు అతనిది ఒకటి, తొమ్మిది చీటీలు మడిచి స్టీలు గిన్నెలో వేశారు. ఎవరు తీయాలి? ఏ స్వార్థమూ లేని చేయి కావాలి. అప్పటికి రెండుసార్లు టీ, మూడుసార్లు నీళ్లు మోసుకొచ్చి, మూల నిలబడి ఉంది అక్కన్నపేటామె. "నువ్వు తియ్యి" అన్నారు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, కళ్లు మూసుకుని, మనసులో ఏదో మొక్కుకుని ఒక చీటీ తీసింది. వకీలు గారి భార్య! చీటీ తీసినామె మొహం వెలిగిపోయింది. నా వంక చూసింది. నేను కూడా కళ్లతోనే చెప్పాను, గెలిచాం పో అని.

కొత్త ప్రెసిడెంట్ మొదటి మాట చాలా బాగుంది. "గిన్నేండ్లు ఒక్కరే అన్నీ తేల్చిన్రు. ఇప్పటిసంది ఏదైనా సరే అందరం చేతులెత్తి తేల్చుకుందం." అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే.

"అయితే మొదలు గా మెట్ల కింది రూం సంగతి తేల్చుండ్రి," అన్నారు సారు. పదవి పోయిన బాధ మొహంలో కాస్తయినా లేదు. "మేడం చెప్పిన్రు గద, గాడ సభకంటూ ఒక జాగ ఉండెనని. మనం ఎండల కూసుంటున్నం. గా రూంను అసోసియేషన్ రూం చేద్దం. ఖాళీ చేపియ్యాలనెటోళ్లు చేతులెత్తుండ్రి."

ఆమె గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. మిగిలిన ఎనిమిది చీటీలు ఇంకా అందులోనే ఉన్నాయి. ఒక చేయి లేచింది. దాన్ని చూసి ఇంకొకటి. ఆమె చేత ఒళ్లు రుద్దించుకున్న చేయి, సకినాల పిండి కలిపించుకున్న చేయి. మొత్తం ఏడు. లేవని చేతులు రెండే. మొబైల్ షాపు అతని చేతిలో ఫోన్ ఉంది. ఇంకొకామె చేతిలో టీ గ్లాసు ఉంది. నా స్నేహితురాలి చేయి అందరికన్నా ఆలస్యంగా లేచింది, అది మాత్రం ఒప్పుకోవాలి.

నేను లేచి, "పిల్ల పరీక్షలు..." అన్నాను. "మేడం, మీరు కిరాయికున్నరు గద," అంది కొత్త ప్రెసిడెంట్, కొంచెం నొచ్చుకుంటూ. "నాకు మాత్రం బాధ లేదా? కని అందరి మాట. నేనొక్కదాన్నే కాదంటే నేను సారు లెక్కనే అయిత గద." తప్పు పట్టడానికి లేదు. తరగతిలో ఈ జవాబుకు నేనైతే పూర్తి మార్కులు వేస్తాను. పదిహేను రోజులు గడువిచ్చారు. పాత ప్రెసిడెంట్ అయితే వారమే ఇచ్చేవారని అందరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు. ఆమె ఖాళీ గ్లాసులు ఏరుకుని కిందికి పోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి గిన్నెలు విసిరేశాను, సారును తిట్టాను, వకీలు భార్యను తిట్టాను, ఏథెన్స్‌ను కూడా వదల్లేదు. పొద్దంతా సభల్లో కూర్చుని స్వేచ్ఛ గురించి మాట్లాడారే, వీళ్లకు ఇంట్లో పిండి విసిరిందెవరు, నీళ్లు మోసిందెవరు, ఏరోజైనా ఆ మనుషుల మొహం చూశారా అని మా ఆయన మీద అరిచాను. ఆయన పాపం ఏథెన్స్ తరఫున ఏం మాట్లాడగలడు!

మర్నాడు పొద్దుగాలే ఆమె వచ్చింది. ఈసారి కూడా చౌకట్టు దగ్గరే నిలబడింది. ఏడ్చిన మొహం కాదు, లెక్క వేసుకున్న మొహం. నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు చెప్పి చూసిన్రు మేడం. అది చాలు," అంది ముందు. తర్వాత నా భుజం మీదుగా లోపలికి చూస్తూ అంది.

"మేడం, మీ వంటింటి పక్క అర్రల పాత పరీక్ష పేపర్లే ఉన్నయి గద. బిడ్డ ఒక్కతే మేడం. పరీక్షలయ్యేదాంక. సాప ఏసుకొని ఓ పక్క పంటది. మీ అంట్లు గిట తోముతది. నేను ఊరికి పోత, నాకేం అద్దు."

నిన్న సాయంత్రం దాకా లోకాన్నంతా తిట్టిన నోరు అది. ఆ నోటికి ఇప్పుడు అభ్యంతరాలు చాలా తోచాయి. మనింట్లో బాత్రూం ఒకటే. ఎవరైనా చుట్టాలొస్తే? పిల్లకు ఏదైనా అయితే బాధ్యత ఎవరిది? సారు ఏమంటారు, మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లూ ఏమంటారు? చెప్పేవి శ్రీరంగ నీతులు అని మా అవ్వ ఊరికే అనేది కాదు. నేను భయపడ్డాను. భయం కూడా కాదు, వద్దనిపించింది. నాలుగు నెలలు నా ఇంట్లో నా సుఖం ఇంత తగ్గడం నాకు ఇష్టం లేకపోయింది. అంతకు మించి ఏమీ లేదు.

"మాది కిరాయి ఇల్లు గద చెల్లె. ఓనర్ ఒప్పుకోడు," అన్నాను.

"జర అడిగి చూడుండ్రి మేడం."

"అడుగుత."

పదిహేను రోజులు ఆమె ఆ మాట మీదే ఉంది. మెట్లు ఊడుస్తూ నేను దిగుతుంటే చీపురు పక్కకు తీసేది, అడిగేది కాదు, చూసేది. నేను "ఇంకా ఫోన్ కలువలేదు" అన్నట్టు చేయి తిప్పేదాన్ని. పదహారో రోజు ఆటోలో సామాన్లు ఎక్కించుకుని పోయారు. గది గోడలకు సున్నం వేసి, పది ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి పెట్టారు. పక్కన మోటరు చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినిపించదని మొదటి మీటింగ్‌లోనే తెలిసిపోయింది. మళ్లీ డాబా మీదికే పోతున్నారు.

పిల్ల తెల్లారకముందే బయల్దేరి అక్కన్నపేట నుంచి బస్సుల్లో కాలేజీకి వస్తోంది. బడికి పోయేటప్పుడు బస్టాండ్‌లో రెండు మూడుసార్లు కనిపించింది. నిలబడే చదువుతోంది. నన్ను చూసి పుస్తకం మూసి "నమస్తే మేడం" అంది. బాగా చదువుకో అన్నాను. ఇంకేమంటాను?

నెల మొదట్లో ఇంటి ఓనర్ దుబాయి నుంచి ఫోన్ చేశాడు. ప్రతి నెలా చేస్తాడు, మర్యాదస్తుడు, తొమ్మిదేళ్లలో గట్టిగా ఒక్క మాట అనలేదు. నీళ్లు బాగా వస్తున్నాయా, వంటింటి కిటికీ బాగుచేయించారా అని అడిగాడు. చివర్లో, "ఇల్లు మీదే అనుకోండ్రి మేడం. ఇంకేమన్న అడిగేదుందా?" అన్నాడు. వంటింటి పక్క గది తలుపు నా ఎదురుగానే తెరిచి ఉంది.

"ఏం లేదు సార్, అంత మంచిగనే ఉన్నది," అన్నాను.